మూడు కాయిళ్ళు కాల్చిన గైడు

మా తమ్ముడి మనవరాలు హైదరాబాదులో ఒక కంపెనీలో పనిచేస్తోంది. ఏం పనే అని అడిగితే కాసేపు తల గోక్కుని చెప్పింది. కంప్యూటరు లోపల ప్రాసెసరు అని ఒకటుంటుందట. దానికి ఒకదాని వెంట ఒకటి ఆజ్ఞలు వెళ్తుంటాయట. ఏ ఆజ్ఞ ఎప్పుడు నడిచిందో, ఎక్కడ దారి తప్పిందో అడుగడుగూ పట్టి చూపించే సాధనం ఇంకొకటుందట. ఆ సాధనాన్ని ఎట్లా వాడాలో చెప్పే పుస్తకాన్ని బాగుచేయడం దీని ఉద్యోగం. "అవ్వా, మేమెంత రాసినా ఎవ్వరూ చదవరు. చదవకుండానే వాడి, పాడుచేసి, మమ్మల్ని తిడతారు" అని మొహం ముడుచుకుంది.

"చదవకుండా పాడుచేస్తే అది వాళ్ళ కర్మ. శ్రద్ధగా చదివి పాడుచేస్తే అప్పుడు నీ సంగతి చూసుకోవాలి" అన్నాను. వెక్కిరిస్తున్నాననుకుంది. కొంచెం వెక్కిరింత లేకపోలేదు గానీ, మాట మాత్రం నిజం. ఆ రోజు దానికి చెప్పిన ముచ్చటే ఇక్కడ రాస్తున్నాను. ఇట్లాంటి కొలువులు చేసే పిల్లలు ఇంకా ఉంటే వాళ్ళకూ పనికొస్తుంది. పేర్లు మాత్రం అడగొద్దు. ఊరి పేరు కూడా చెప్పను. అందులో ఒకాయన పిల్లలు ఇప్పుడు పెద్ద హోదాల్లో ఉన్నారు, వాళ్ళ నాన్న టోపీ గురించి నేను రాయబోయేది చదివితే బాగుండదు.

అరవయ్యో దశకం తొలినాళ్ళు. నేను టెలిఫోన్ల ఉద్యోగినిని. మాది పాలమూరు. అక్కడి ఎక్స్ఛేంజిలోనే ఆపరేటరుగా చేరి, పొద్దస్తమానం "నంబరు చెప్పండి, నంబరు చెప్పండి" అని అరిచి గొంతు పోగొట్టుకున్నాక నన్ను హైదరాబాదులో శిక్షణ విభాగానికి మార్చారు. గొంతు పోయినవాళ్ళకు రాత బాగా వస్తుందని పైన ఎవరో అనుకున్నట్టున్నారు. యంత్రాల కోసం ఇంగ్లీషులో ఉన్న గైడు పుస్తకాలను అందరికీ అర్థమయ్యేలా తిరగరాయడం, వీలైనవి తెలుగు చేయడం నా పని.

మా పెద్దసారు ఇంజనీరు. మద్రాసులో చదివొచ్చిన మనిషి. ఎండున్నా లేకున్నా తలమీద టోపీ ఉండాల్సిందే. చెడ్డవాడు కాదు, పిసినారి కాదు, ఆడపిల్లనని నన్ను ఏనాడూ తక్కువచేసి మాట్లాడలేదు. ఆయనకున్న జబ్బల్లా ఒకటే. తను రాసింది ఎవరికైనా అర్థం కాలేదంటే వాళ్ళు సరిగ్గా చదవలేదని నమ్మేవాడు. ఆయన దగ్గర ఒక ఎర్ర సిరా కలం ఉండేది. ఎక్కడైనా తప్పు జరిగిందని తెలిస్తే గైడు తీసి ఆ చోట ఎర్రగీత గీసేవాడు. ఇంకోసారి జరిగితే ఆ గీత కింద ఇంకో గీత. కొన్ని పేజీలు చూస్తే పసుపు బదులు కుంకుమ పూసిన గడపల్లా ఉండేవి.

నల్లగొండ జిల్లాలో, నకిరేకల్ దాటి తిరుమలగిరి వైపు వెళ్ళే దారిలో ఒక చిన్న ఊరికి అప్పుడే కొత్తరకం ఎక్స్ఛేంజి వచ్చింది. డయలు తిప్పితే మనిషి అవసరం లేకుండా అదే కలుపుతుంది. ఒక గది, గదిలో ఇనుప బీరువాలు, బీరువాల నిండా టకటకలాడే పరికరాలు. తిప్పిన ప్రతి అంకె ఆ యంత్రానికి ఒక ఆజ్ఞ. ఒక్కో ఆజ్ఞకు లోపల ఒక్కో మెట్టు కదలాలి. ఒక్క మెట్టు తప్పినా దవాఖానకు చేసిన ఫోను బియ్యం మిల్లులో మోగుతుంది. మిల్లు యజమాని పాపం మంచివాడు, "మా దగ్గర నూకలే ఉన్నయి, డాక్టరు లేడు" అని ఓపికగా చెప్పేవాడట.

ఏ మెట్టు దగ్గర తప్పిందో పట్టుకోవడానికి ట్రేసర్ అని ఒక చెక్కపెట్టె ఇచ్చారు. పైన వరసగా చిన్న చిన్న దీపాలు, కింద మీటలు, పక్కన ఒక తీగ. తీగను బీరువాకు తగిలించి ఫోను తిప్పితే, లోపల ఆజ్ఞ నడిచినకొద్దీ పైన ఒక్కో దీపం వెలుగుతుంది. ఎక్కడ ఆగితే అక్కడే రోగం. దాని లోపల సన్నటి రాగితీగ చుట్టిన కాయిలు ఒకటుంటుంది. మీటలు తప్పు వరసలో నొక్కితే ఆ కాయిలు మాడి మసైపోతుంది, పెట్టె మూగదవుతుంది.

ఆ ఊళ్ళో ఆ కాయిలు మూడుసార్లు కాలింది. మూడుసార్లూ మెకానిక్కుకు మెమో వెళ్ళింది. "గైడు మరింత జాగ్రత్తగా చదువవలెను" అని. మూడోసారి పెద్దసారు కోపంగా నన్ను పిలిచి, "పుస్తకం తెలుగు చేసి పట్టుకెళ్ళు. ప్రతి అంశం చివరా జాగ్రత్త అని పెద్ద అక్షరాలతో రాయి. వరస మాత్రం మార్చొద్దు, అది నేను ఆలోచించి పెట్టిన వరస. వారం తర్వాత నేను స్వయంగా వస్తాను. ఇంకొక్కటి కాలిందంటే ఆ ముసలాయన్ని దేవరకొండ అవతల కొత్త లైను వేసే గ్యాంగుకు పంపిస్తాను, స్తంభాలెక్కుతాడు" అన్నాడు.

తెలుగు చేశాను. ఎంత గొప్పగా చేశానంటే, "వామ హస్తమున నున్న మీటను అధోభాగమునకు నొక్కవలెను. జాగ్రత్త!" అని రాసి, నా పాండిత్యానికి నేనే మురిసిపోయాను. ఆ కాగితాలు సంచీలో పెట్టుకుని బస్సెక్కాను. ఆ రోజు తిరుమలగిరి సంత. నా పక్కసీటులో ఒకామె, ఆమె ఒళ్ళో మేకపిల్ల. అది దారి పొడుగునా నా సంచీ వైపే ఆశగా చూసి, చివరికి కాగితాలకు నోరు చాపింది. దాన్ని ఆపకుండా ఉంటే బాగుండేదని ఆ తర్వాత చాలాసార్లు అనుకున్నాను.

ఎక్స్ఛేంజిలో ఉన్నది ఇద్దరు. మెకానిక్కు అరవైకి దగ్గర పడుతున్న ముస్లిం పెద్దమనిషి. అందరూ మిస్త్రీ సాబ్ అనేవాళ్ళు. నేను చాచా అన్నాను, ఆయన నన్ను బేటీ అన్నాడు. నైజాం కాలంలో ఉర్దూ చదువుకున్నాడు. తెలుగు మాట్లాడతాడు, చదవడం రాదు. ఇంగ్లీషు అసలే రాదు. రెండో ఆయన గుమాస్తా, గుంటూరు వైపు నుంచి కొత్తగా వచ్చిన కుర్రవాడు. ఇంగ్లీషు బాగా వచ్చు, యంత్రమంటే భయం. బీరువా తలుపు తెరిస్తే రెండడుగులు వెనక్కి వేసేవాడు. మిస్త్రీ సాబ్ అతన్ని పంతులూ అని పిలిచేవాడు.

పెద్దసారు వారంలో వస్తాడని, స్తంభాల గ్యాంగు బెదిరింపు సంగతీ చెప్పి, ముందు నా తెలుగు అనువాదం వినిపించాను. మిస్త్రీ సాబ్ చేతులు కట్టుకుని భక్తిగా విన్నాడు. అయిపోయాక, "బేటీ, మంచిగున్నది. గిది ఏ దేవుని మంత్రం?" అని అడిగాడు. గుమాస్తా మొహం పక్కకు తిప్పుకున్నాడు. భుజాలు ఊగడం మాత్రం కనిపించింది.

మధ్యాహ్నం మిస్త్రీ సాబ్ ఇంట్లోనే నాకు భోజనం, బస. ఆయన భార్యను నేను చాచీ అన్నాను. జొన్నరొట్టె, పచ్చిపులుసు పెట్టి, ఆయన చేతులు కడుక్కోవడానికి బయటికి వెళ్ళగానే నా పక్కన కూర్చుంది.

"బేటీ, నీకొక్క మాట చెప్త. స్తంభం సంగతి గాదు. ఆయన మోకాలు ఎప్పుడో పడి విరిగింది, ఎక్కలేడు, అది అందరికి ఎర్కనే. నౌకరి పోతే పోనీ, ఉన్నదాంట్ల బతుకుతం. కానీ గా మూడు కాగితాలొచ్చిన కాడికెల్లి ఆయన చెయ్యిని ఆయనే నమ్ముతలేడు. ఊళ్ళె ఎవ్వరి గడియారం ఆగినా గీనకే తెచ్చిచ్చేటోళ్ళు. ఇప్పుడు తెస్తే, నా చెయ్యి ఖరాబైంది, నల్లగొండకు తీస్కపోండ్రి అంటున్నడు. మొన్న చాయ్ కప్పు చేతులకెల్లి జారితే పొద్దంతా మాట్లాడలే."

తింటున్న రొట్టె పళ్ళెంలో పెట్టేశాను. సంచీలో ఉన్న నా వామ హస్తము, అధోభాగము గుర్తొచ్చి సిగ్గేసింది.

సాయంత్రం ఎక్స్ఛేంజికి వెళ్ళి, "మీరు ఆ పుస్తకంతో ఎట్లా పనిచేస్తారో నాకు ఒకసారి చేసి చూపించండి" అన్నాను. కాలిన కాయిలుతోనే, కరెంటు తగిలించకుండా ఉత్తి పెట్టెతో చేయమన్నాను. మిస్త్రీ సాబ్ స్టూలు మీద కూర్చున్నాడు. గుమాస్తా తలుపు దగ్గర, క్షేమమైన దూరంలో నిలబడి ఇంగ్లీషు పుస్తకం తెరిచాడు. నేను ఇంకో ప్రతి పట్టుకుని బల్ల మీద కూర్చున్నాను.

అతను చదవడం మొదలుపెట్టాడు. ఇంగ్లీషు వాక్యం మనసులో చదువుకుని తెలుగులో పైకి చెబుతాడు. చెప్పి ఆగుతాడు. వాళ్ళ ఊళ్ళో వాళ్ళ నాయనమ్మకు రోజూ పురాణం చదివి వినిపించేవాడట. ఆమె ఊఁ అంటేనే తరువాతి వాక్యం. ఆ అలవాటు ఇక్కడికీ వచ్చింది.

"తీగను బీరువాకు తగిలించాలండీ."

"ఊఁ."

"ఎడమవైపు మీట కిందికి నొక్కాలండీ."

మిస్త్రీ సాబ్ చెయ్యి పోయింది, టక్కుమంది. "ఊఁ."

"అయితే, అట్లా నొక్కే ముందు కుడివైపు మీట పైకి లేపి ఉంచాలండీ. లేకపోతే కాయిలు కాలిపోతుందండీ."

అతను అది చదవకముందే నా కళ్ళు ఆ పేజీ చివరిదాకా వెళ్ళి తిరిగొచ్చాయి. కింద ఆ ముక్క ఉందని నాకు ముందే తెలుసు. ఆయన చెయ్యి మీటమీద పడుతుంటే "చాచా, ఆగండి" అని అరిచాను కూడా.

"ఎందుకు బేటీ?"

"కింద ఇంకో వాక్యం ఉంది."

"కిందిది కిందికి పోయినంక జేస్త. ముందుగాల పైదే గద."

"మొదటి కాయిలు ఇక్కడే కాలిందా?"

"గక్కడ్నే. కాలినంక ఎర్కయింది, ఇగ గక్కడ తప్పు జేయలే."

రెండోది ఇంకో చోట కాలింది. మూడోది మరో చోట. మూడుచోట్లా పుస్తకం చేయమన్నది ముందు చెప్పి, దానికి ముందు చేయాల్సింది వెనక చెప్పింది. ఒక్కో కాయిలు కాల్చుకుని ఒక్కో హెచ్చరిక నేర్చుకున్నారు పాపం ఇద్దరూ. మేమేమో ఒకే మనిషి ఒకే తప్పు మళ్ళీ మళ్ళీ చేస్తున్నాడని మెమోలు పంపాం.

"మెమోలు వచ్చాక జాగ్రత్తగా చదివారా?" అని గుమాస్తాను అడిగాను.

"అయ్యో, చదవకేమండీ! మొదట్లో గబగబా చదివేవాణ్ణండీ. మెమో వచ్చాక ఒక్కో వాక్యానికి ఆగి, ఆయన చేశారా లేదా చూసుకుని, అప్పుడు రెండోది చదువుతున్నానండీ" అన్నాడు గర్వంగా.

అంటే మేము జాగ్రత్త అన్నకొద్దీ వాళ్ళు ఇంకా నిదానంగా చదివారు. నిదానంగా చదివినకొద్దీ హెచ్చరిక ఇంకా ఆలస్యంగా వచ్చింది. నేను బల్ల మీదే నవ్వలేక, ఏడవలేక కూర్చున్నాను.

"చాచా, ఆ మాట అనగానే చెయ్యి కదిలించకపోతే ఏమైంది? ఒక్క క్షణం ఆగొచ్చు కదా?" అన్నాను.

ఆయనకు ఆ ప్రశ్నే వింతగా అనిపించినట్టుంది. "మా ఉస్తాద్ గట్ల నేర్పలే బేటీ. కార్ఖానల ఉస్తాద్ నోట్లకెల్లి మాట పడంగనె చెయ్యి లేవాలె. ఆగి ఆలోచించినవా, చెవు వట్టి మెలిపెట్టేటోడు. ఆయన ఏదన్న చెప్తే, దానికి ముందు చేసేది అప్పటికే చెప్పి ఉంటడు. చెప్పకుంట చెయ్యమనడు. గీ పుస్తకం గూడ ఉస్తాదే అనుకున్న" అన్నాడు.

ఆ ఉస్తాద్ ఎవరో గానీ, మా శాఖలో గైడ్లు రాసే అందరికంటే ఆయనకే ఆ పని బాగా తెలుసు. నేను కంటితో చదివేదాన్ని. కన్ను పేజీ అంతా ఒక్కసారి చుట్టొస్తుంది, కింద ఉన్నది ముందే చూస్తుంది. చెవికి ఆ సౌకర్యం లేదు. దానికి ఒకటి తర్వాతే ఇంకొకటి. మన జిల్లాల్లో ఆనాడు ఎక్స్ఛేంజిలు, మోటార్లు, బావి ఇంజన్లు నడిపేవాళ్ళలో చాలామంది పుస్తకాన్ని చెవితోనే చదివేవాళ్ళు. ఒకరు చదవాలి, ఒకరు చేయాలి. ఈ సంగతి మా శిక్షణ విభాగంలో ఒక్కరికీ తట్టలేదు. మా గదిలో అందరం ఎవరి పుస్తకం వాళ్ళు చదువుకునేవాళ్ళమే.

ఆ తర్వాత రెండుమూడు రోజులు మేము ముగ్గురం ఎక్స్ఛేంజి అరుగు మీద కూర్చుని పుస్తకాన్ని పీకి పందిరేశాం. వామ హస్తము వెళ్ళిపోయింది, ఎడమ చెయ్యి వచ్చింది. ముందు చేసేది ముందు, తర్వాత చేసేది తర్వాత. ఒక వాక్యానికి ఒకే పని. గుమాస్తా చదివేవాడు, మిస్త్రీ సాబ్ చేసేవాడు, ఎక్కడైనా ఆయన చెయ్యి తడబడితే తప్పు రాతదే అనుకుని దిద్దేదాన్ని. చాచీ చాయ్ తెచ్చి మా వరస చూసి, "నూనె కాగినంక, ముందు గిన్నె తడి తుడువుండ్రి అని చెప్పినట్టున్నది మీ పాత పుస్తకం" అని నవ్వింది. ఇంజనీరింగు మీద అంత సూటి విమర్శ నేను ఆ తర్వాత ఏ సమావేశంలోనూ వినలేదు.

అయినా మిస్త్రీ సాబ్ మాత్రం నవ్వలేదు. వరస సరిచేశాక ఉత్తిపెట్టె మీద ఆయన చెయ్యి ఒక్కసారి కూడా తప్పలేదు. నేను సంబరపడి చెబితే, "కరెంటు లేదు గద బేటీ, ఉత్తిదానికి ఎవ్వరి చెయ్యైనా మంచిగనే ఉంటది" అన్నాడు.

పెద్దసారు చెప్పిన రోజుకే జీపులో దిగాడు. టోపీ, ఎర్ర కలం, అట్టపెట్టెలో దూది మధ్య కొత్త కాయిలు. స్టోరులో మిగిలిన ఆఖరుది అదేనట. ఇంకోటి కావాలంటే బయటి దేశం నుంచి రావాలి, ఎప్పుడొస్తుందో ఆ దేశానికే తెలియాలి. జేబులో బదిలీ ఆర్డరు కూడా తెచ్చుకున్నాడు. సంతకం పెట్టేసే తెచ్చాడు. అది బల్ల మీద పెట్టి దాని మీద టోపీ పెట్టాడు.

నేను కొత్త పేజీలు చేతికిచ్చాను. నిలబడే చదివాడు. ఆయన చదవడమూ కంటితోనే, అర నిమిషంలో ముగించాడు.

"ఏమిటమ్మా ఇది? ముందు ఇది, ముందు అది, ముందు ఇంకోటి. వంటల పుస్తకంలా ఉంది. నా వరస ఎందుకు మార్చావు?"

చెప్పాను. దాచకుండా మొత్తం చెప్పాను. చదివేవారు ఒకరు, చేసేవారు ఒకరు, హెచ్చరిక వెనక రావడం, కాయిళ్ళు ఎందుకు కాలాయో అన్నీ. ఆయన తల అడ్డంగా ఊపాడు.

"అదంతా సాకులమ్మా. బుద్ధి పెట్టి వింటే ఏదీ కాలదు. ఉండు, నేనే చేసి చూపిస్తాను. ఇతను నా పుస్తకం చదవనీ. నేను ఈ మిస్త్రీ లాగే విన్నది విన్నట్టు చేస్తాను. చూడండి అందరూ."

కొత్త కాయిలు బిగించారు. కరెంటు తగిలించారు. పెద్దసారు కోటు విప్పి మిస్త్రీ సాబ్ స్టూలు మీద కూర్చున్నాడు. గుమాస్తా ఈసారి తలుపు దాటి వరండాలో నిలబడి చదివాడు.

"తీగను బీరువాకు తగిలించాలండీ."

"ఊఁ" అన్నాడు పెద్దసారు. ఆయనకు తెలియకుండానే అన్నాడు.

"ఎడమవైపు మీట..."

"సాబ్, జర ఆగుండ్రి" అన్నాడు మిస్త్రీ సాబ్ ముందుకు వంగి.

"నువ్వు మాట్లాడకు. పుస్తకాన్ని మాట్లాడనీ."

"కిందికి నొక్కాలండీ" అన్నాడు గుమాస్తా.

పెద్దసారు చెయ్యి వెళ్ళింది. ఆగుతాడనుకున్నాను. దేవుడి మీద ఒట్టు, తను రాసిందే కదా, గుర్తొచ్చి ఆగుతాడనుకున్నాను. ఆగలేదు. ఆ పుస్తకం ఆయన రాసింది తన బల్ల దగ్గర, పెట్టె తయారుచేసిన కంపెనీ పంపిన బొమ్మ ముందు పెట్టుకుని. అసలు పెట్టె ముందు కూర్చోవడం ఆయనకు ఇదే మొదటిసారి అని తర్వాత ఎప్పుడో చెప్పాడు. టక్కుమంది. పెట్టెలోంచి సన్నగా పొగ వచ్చింది. లక్క మాడిన వాసన గదంతా కమ్ముకుంది.

"అయితే, అట్లా నొక్కే ముందు..." అని గుమాస్తా వరండాలోంచి మొదలుపెట్టి, లోపలికి తొంగిచూసి, మిగతా వాక్యం మింగేశాడు.

పొగ కిటికీ వైపు సాగింది. బీరువాలు మాత్రం తమ పని తాము టకటకా చేసుకుంటున్నాయి. పెద్దసారు మీట మీద పెట్టిన చెయ్యి అట్లాగే ఉంచి దాన్ని చూస్తూ కూర్చున్నాడు. ఆయన మెడ దగ్గర చెమట చూసి నాకు మొదట లోపల్లోపల కొంచెం సంతోషమేసింది. దాచను. కానీ ఆ తర్వాత జరిగింది చూసి ఆ సంతోషం నిలవలేదు.

మిస్త్రీ సాబ్ మెల్లగా వెళ్ళి కరెంటు తీసేశాడు. పెద్దసారు పక్కన నిలబడి, ఎవరికీ వినపడకూడదన్నట్టు చిన్నగా అన్నాడు. గది చిన్నది కాబట్టి మాకు వినపడింది.

"సాబ్, మీరు ఫికర్ జేయకుండ్రి. మూడు నా పేరు మీదనే ఉన్నయి. గిది గూడ నా పేరే రాయుండ్రి. ఎట్లైనా పోయేటోన్నే గద, మూడైతేంది, నాలుగైతేంది. మీ అసుంటి పెద్దోళ్ళకు మాట రావద్దు."

అందులో వెటకారం లేదు. ఉంటే పెద్దసారు తట్టుకునేవాడేమో. ఆ మనిషి నిజంగానే, తనకంటే పెద్ద ఆఫీసరుకు కష్టమొచ్చిందని సాయం చేస్తున్నాడు. నాకు కళ్ళనీళ్ళు ఆగక కిటికీ వైపు తిరిగాను.

పెద్దసారు లేచి బల్ల దగ్గరికి వెళ్ళాడు. టోపీ తీసి పక్కన పెట్టాడు. బదిలీ ఆర్డరు తిరగేసి, దాని వెనక ఖాళీ వైపు రాశాడు. ఎర్ర కలం తప్ప ఇంకోటి తెచ్చుకోలేదు, దానితోనే రాశాడు. రాసి నాకిచ్చి పైకి చదవమన్నాడు.

ట్రేసర్ కాయిలు ఈ రోజు తన చేతిలో కాలిందని రాశాడు. కారణం గైడు పుస్తకమని, దాన్ని రాసింది తనేనని రాశాడు. ఇంతకుముందు కాలిన మూడింటికీ ఇదే కారణమని, మెకానిక్కు మీద పెట్టిన మెమోలు రద్దు చేయాలని రాశాడు. కింద సంతకం. నేను చదువుతుంటే మధ్యలో గొంతు రెండుసార్లు పోయింది. ఆపరేటరు పని చేసేటప్పుడు పోయిన గొంతు కాదది.

"ఆ కొత్త పేజీలు ఇటివ్వు" అన్నాడు పెద్దసారు. కాలిన పెట్టె ముందే మళ్ళీ కూర్చుని, గుమాస్తా చదువుతుంటే మొదటి నుంచి చివరిదాకా తన చేత్తో చేసి చూశాడు. ఒకచోట ఆగి, "ఇక్కడ నా చెయ్యి ఎటు పోవాలో తెలియలేదు" అన్నాడు. నేను దిద్దాను. ఆయనకు కోపం రాలేదు.

కాయిలు బయటి నుంచి వచ్చేదాకా ఆ ఊళ్ళో చాలాకాలం ట్రేసర్ లేకుండానే నడిచింది. దవాఖాన ఫోన్లు బియ్యం మిల్లుకు వెళ్తూనే ఉన్నాయి, మిల్లు యజమానికి ఊళ్ళో అందరి రోగాలూ నోటికొచ్చాయి. మా కొత్త గైడు అచ్చయింది, నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాల చిన్న ఎక్స్ఛేంజిలన్నిటికీ వెళ్ళింది. ఆ తర్వాత నేను రాసిన ఏ గైడైనా పెద్దసారు ముందు ఒకరిచేత చదివించి, తను కళ్ళు మూసుకుని విని, అప్పుడే సంతకం పెట్టేవాడు. కొన్నిసార్లు వింటూ నిద్రపోయేవాడు. అది కూడా మంచి పరీక్షే అనుకుని ఆ భాగం కుదించి రాసేదాన్ని.

పిల్లలూ, మీ పుస్తకం ఎవరూ చదవడం లేదని విసుక్కునే ముందు, చదివేవాళ్ళ పక్కన ఒక పూట కూర్చోండి. వాళ్ళు కంటితో చదువుతారో, చెవితో చదువుతారో, ఒక చెయ్యి యంత్రం మీద పెట్టి చదువుతారో చూడండి. నేను చెప్పగలిగింది అంతే. మా తమ్ముడి మనవరాలు దీనికి "సరే అవ్వా" అని ఫోను చూసుకుంది. విందో లేదో తెలియదు.

నాలుగో కాయిలు కాలిన ఆ రోజు మాత్రం నాకు అక్కడితో పూర్తి కాలేదు. పెద్దసారు జీపులో హైదరాబాదు తీసుకెళ్తానన్నాడు గానీ, సామాను చాచీ ఇంట్లో ఉందని చెప్పి ఉండిపోయాను. మర్నాడు పొద్దున మిస్త్రీ సాబ్ నన్ను బస్సెక్కించడానికి వచ్చాడు. నా సంచీ తనే మోశాడు. మోకాలు నొప్పితో మెల్లగా నడిచాడు, నేనూ మెల్లగానే నడిచాను. ఆయనకు సంతోషంగా ఉందో లేదో కూడా అర్థం కాలేదు. ఉద్యోగం నిలబడింది, మెమోలు పోయాయి, ఇంకేం కావాలి అనుకున్నాను.

బస్సు కనిపించాక సంచీ నా చేతికిచ్చాడు. ఇచ్చి, తన కుడి చెయ్యి అటు తిప్పి ఇటు తిప్పి చూసుకున్నాడు. గోళ్ళ సందుల్లో నల్లటి మడ్డి, బొటనవేలు మీద పాత కాలిన మచ్చ.

"బేటీ, ఒక్కటి అడుగుత, నిజం చెప్పు" అన్నాడు. "అయితే నా చెయ్యి మంచిగనే ఉన్నదా?"

"మంచిగనే ఉంది చాచా" అన్నాను.

బస్సు వచ్చి ఆగింది. కండక్టరు తొందర పెడుతున్నాడు. ఆయన కదల్లేదు.

"ఇంకొకసారి చెప్పు" అన్నాడు.

చెప్పాను.